సోములు మావ నిద్రలేని ఆట

మా సోములు మావకి నిద్ర పట్టదన్న సంగతి నౌపడ స్టేషన్లో ఆగే రైళ్ళకి కూడా తెలుసు. రాత్రి ఏ బండి ఎంత లేటుగా పోయిందో స్టేషన్ మాస్టారైనా పుస్తకం తీసి చూసుకోవాలి గానీ మావకి అక్కర్లేదు. ఓసారి వాళ్ళ తలుపు మీద సుద్దముక్కతో "ఇచ్చట నిద్ర కొనబడును" అని రాసేను. ఆయనకి చదువు రాదు. ఏటి రాసేవురా అని నన్నే అడిగేడు. "సోములుగారి ఇల్లు అని రాసేను మావా" అన్నాను. వానాకాలం దాకా దాన్ని ఎవర్నీ తుడవనివ్వలేదు.

పగలు ఉప్పు మళ్ళలో పని. తీర్థాలొస్తే తప్పెటగుళ్ళ జట్టుకి పెద్ద. గుండె మీద రేకు గుళ్ళు, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, రెండు చేతుల్తో ఆ గుళ్ళు వాయిస్తా ఎగిరే ఆట అది. మావ ఎగిరితే నేలే కాస్త కిందకి దిగిందా అనిపిస్తాది. మాట మాత్రం ఓ పట్టాన రాదు. జట్టులో పాట వేరేవాడు పాడాలి. సంతలో వంకాయలు కొనడానికి కూడా వేలెట్టి చూపిస్తాడు.

మావకి నిద్ర దూరమైంది పంతొమ్మిదొందల అరవై అయిదులో. మా మళ్ళలోకి ఉప్పునీళ్ళు కాలవలోంచి వస్తాయి. కాలవకీ మడికీ మధ్య ఒక చెక్క తలుపుంటాది, మదుం అంటాం. నీళ్ళు కావలిస్తే ఎత్తాలి, చాలితే దించాలి. ఒక సాయంత్రం మావ దించడం మర్చిపోయాడు. రాత్రి సముద్రం పోటెక్కి నీళ్ళొచ్చీసేయి. పదిమంది నెల్లాళ్ళు గీసి పోగేసిన ఉప్పు తెల్లారేసరికి లేదు. ఎవరూ ఒక్క మాటనలేదు. "పోన్లే సోములూ" అన్నారు. నలుగురూ కలిసి నాలుగు తిట్టుంటే హాయిగా పడుకునేవాడేమో.

ఆ ఉప్పు సంగతి మేం పది రోజుల్లో మర్చిపోయాం. మావ బుర్రలో అది రోజూ కొత్తగా కరుగుతోందని మాకేం తెలుసు?

తెలియనిది దేముడమ్మత్తకి కూడా. మొగుడు అర్ధరాత్రి లేచి వెళ్ళిపోతాడు, వస్తాడు, పడుకుంటాడు, మళ్ళీ లేస్తాడు. ఏటాలోచిస్తన్నావని అడిగితే "ఏటీ లేదు" అంటాడు. అత్త ఊరుకునే మనిషి కాదు. ఒక రాత్రి వెనకాలే వెళ్ళింది. పొద్దున్న నూతి దగ్గర అందరి ముందూ చెప్పింది.

"ఏ ఆడగుంటైనా ఉంటే జుట్టట్టుకుందును. ఎవులూ లేరు. ఖాళీ గట్టు మీద నిలబడతన్నాడు. దీనికి నాను ఎవుల్ని తిట్టీది?"

మూడేళ్ళు అలాగే చూసింది. తరవాత బట్టలు మూటకట్టుకుని శ్రీకూర్మంలో కన్నవారింటికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి ఒకటే చెప్పింది.

"పెద్దమనుషుల్ని ఎంటబెట్టుకుని రాకు. నీ బుర్రలో ఏటున్నాదో సెప్పు. సెప్పిన రోజునే వస్తాను. ఏటీ లేదంటే మాత్రం రాను."

మావ రెండుసార్లు వెళ్ళేడు. రెండుసార్లూ అరుగు మీద కూర్చుని, పెట్టింది తిని, "ఎండ బాగున్నాది" అని చెప్పి వచ్చీసేడు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం ఉప్పు కళ్ళం మీద మా ఆరుగుర్నీ కూర్చోబెట్టేడు. జట్టులో ఇంకా పదిమందున్నారు గానీ, పిలిస్తే వచ్చినవాళ్ళం ఆరుగురమే.

"నాకు నోరు తిరగదు. కాలు తిరుగుతాది. నా బుర్రలోది మీ అత్తకి ఆడి సూపిస్తాను," అన్నాడు. "గుళ్ళొద్దు. గజ్జెలొద్దు. పాటొద్దు."

గంగులు నోరు తెరిచేడు. "గుళ్ళూ లేక పాటా లేక ఏటాడతాం మావా? ఒంటికి సీమలు పట్టీసేయనుకుంటారు సూసినోలు."

"అనుకోనీ."

అలా మొదలైంది. గంగులు మదుం. రెండు చేతులూ అడ్డంగా పెడితే తలుపు మూసినట్టు, పైకెత్తితే తెరిచినట్టు. నేను పోటునీళ్ళు. ముగ్గురు ఉప్పు కుప్పలు, నేను తగలగానే మెల్లిగా కూలిపోవాలి. చినబాబు గేదె. మీ బుర్రలోకి గేదె ఎందుకొచ్చింది మావా అని అడిగేం.

"వస్తాది," అన్నాడు.

"మరి పాలిస్తాదా?" అన్నాడు చినబాబు.

"ఒరే, నడిసి ఎల్లిపో అంతే. ఎటు నుంచి వచ్చేవో నాకూ తెలీదు."

మావ మధ్యలో పడుకుంటాడు. గంగులు చేతులెత్తుతాడు. మావ లేచి, ఆ చేతులు దించి, వచ్చి పడుకుంటాడు. తల నేలకానగానే చేతులు మళ్ళీ లేస్తాయి. మధ్యలో గేదె. వెనకాల నేను. మొదటి రోజు పడిపడి నవ్వేం. మూడో రోజుకి నవ్వు రాలేదు. ఒకటే పని అన్నిసార్లు చేస్తుంటే, ఆ గంగులుగాడి చేతులు లేస్తాయన్న భయం నాకే పట్టుకుంది.

ఇబ్బంది చేతుల దగ్గరొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కాలు కదిపితే చెయ్యి గుండె మీద వాయించడం మాకు అలవాటు. అక్కడ గుళ్ళు లేకపోయినా చెయ్యి ఊరుకోదు. ఒట్టి గుండెల మీద దబదబా కొట్టుకునేవాళ్ళం. మావ రోజూ తిట్టేవాడు. "సేతులు దించండ్రా, సప్పుడొద్దు."

"ఆఖరికేటవుతాది మావా?" అని గంగులు ఒకరోజు అడిగేడు. "ఎప్పుడు ఆపీది?"

మావ చాలాసేపు తువ్వాలు మడతపెట్టేడు. "ఆఖరు నాకూ దొరకలేదురా. దొరికితే కళ్ళు మూసుకుని తొంగుందును కదా."

ఆఖరు లేని ఆట పట్టుకుని డోలోత్సవానికి శ్రీకూర్మం వెళ్ళేం. మధ్యాహ్నం మూడింటికి అత్తావాళ్ళ వీధిలో నిలబడ్డాం. అత్త అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసింది. చెయ్యి మాత్రం ఆపలేదు.

తప్పెటగుళ్ళ జట్టని తెలిసి జనం మూగేరు. మావ వెళ్ళి నడివీధిలో పడుకున్నాడు.

"గుళ్ళు ఇంటికాడ మర్సిపోనారేటి?" అన్నాడొకడు.

"సోములికి ఎండదెబ్బ తగిలీసినాది," అన్నాడింకొకడు.

ఒక ముసలామె మాత్రం జాలిపడింది. "పాపం, మూగోలు గావాల."

మావ లేచేడు, దించేడు, పడుకున్నాడు. నాలుగుసార్లయింది. సగం మంది పోయారు. అయిదోసారి లేచినప్పుడు చేతులు మావ మాట వినలేదు. వద్దు వద్దని మమ్మల్ని తిట్టిన మనిషే, ఒట్టి గుండె మీద రెండు అరచేతులూ వేసి వాయించేడు. పెద్దగా కాదు. తలుపు అవతల ఎవరో తడుతున్నట్టు. మా చేతులు ఆగుతాయా? ఆరుగురి గుండెలూ అందుకున్నాయి. వీధంతా అదొక్కటే వినబడింది.

అరుగు మీద గింజల చప్పుడు ఆగింది.

"ఈ మనిషి ఈపుకి సెవి ఆనించి తొంగుంటే ఇదే సప్పుడు," అంది అత్త, పక్కనున్న వాళ్ళమ్మతో. "తెల్లార్లూ ఇదే."

గంగులు వాయించడం ఆపి మళ్ళీ చేతులెత్తేడు. అప్పుడే నేను పోటునీళ్ళనై తెరిచిన మదుంలోంచి వచ్చి తగిలేను. ఉప్పు కుప్పలు ముగ్గురూ కూలిపోయారు. మావ పరిగెత్తి గంగులు చేతులు దించేడు. ఆలస్యమైపోయింది. కుప్పలు లేవలేదు.

"ఉప్పు," అంది అత్త. "మూడేళ్ళ కిందటి ఉప్పు."

మావ వెళ్ళి పడుకున్నాడు. గంగులు చేతులు ఎత్తబోయాడు. అత్త చింతపండు చేతులు చీరకి తుడుచుకుంటూ అరుగు దిగి, జనాన్ని తోసుకుని వచ్చింది. గంగులు చేతుల మీద ఒక్కటిచ్చి కిందకి దించింది. వాడి కాళ్ళకి వీపు ఆనించి మట్టిలో బాసింపట్టేసుకుని కూర్చుంది.

"నువ్వు తొంగో," అంది మావతో. "మదుం కాడ నానుంటాను."

ఏం చెయ్యాలో మాకు తెలీలేదు. గేదె మాత్రం తన వంతని వచ్చింది. అత్త "హేయ్" అంది. చినబాబు వెనక్కి పోయాడు. నేను రెండడుగులు వేసేను.

"ఒరే, ఎటొస్తన్నావు?" అంది.

నీళ్ళు ఆగిపోయాయి.

మావ నిద్రపోయాడని రాస్తే బాగుంటాది గానీ పోలేదు. కళ్ళు తెరుచుకునే పడుకున్నాడు. లేవలేదంతే. గంగులు చేతుల వైపు చూస్తా, ఆవిడ వైపు చూస్తా, అలాగే ఉన్నాడు. ఎండ అరుగు దాటింది. జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. "అయిపోయిందేటి?" అని అడిగిన వాడికి గంగులు, "అయిపోనాది, ఎల్లు," అని చెప్పేడు.

మర్నాటి బండికి అత్త మాతోనే వచ్చింది. దారిలో చినబాబుతో, నీ నడక గేదె నడక కాదు, దున్న నడక అని చెప్పి వాణ్ణి ఏడిపించింది.

మావ ఇప్పటికీ రాత్రుళ్ళు లేస్తాడు. అత్త కళ్ళు తెరవకుండానే, "మదుం ఏసే ఉన్నాది, నాను సూసొచ్చినాను," అంటాది. ఒక్కో రాత్రి మావ నమ్మి పడుకుంటాడు. నమ్మని రాత్రి ఇద్దరూ కలిసి గట్టు దాకా నడుస్తారు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆవిడే మాట్లాడతాది.