గోడ మీది జపానాయన

మా మనవరాలు జపాను బొమ్మల సీరియళ్లు చూస్తా పెరిగింది. ఫోను చెంబుకు ఆనిచ్చి పెట్టుకొని, ముద్ద నోట్లో పెట్టుకొని నమలడం మరిచిపోయేది. ఎమ్మిగనూరులో మా వీధంతా మగ్గాల చప్పుడైతే మా ఇంట్లో కత్తుల చప్పుడు. పక్కన కూర్చొని నేనూ చూసేదాన్ని. మాట అర్థం కాకపోయినా కొట్లాట అర్థమవుతుంది కదా.

అందులో ఒకడుండేవాడు. నడుము దాకా జుట్టు, గిన్నెలంత కండ్లు, రెండు చేతుల్లో రెండు కత్తులు. ఒక మిద్దె మీద నుంచి ఇంకో మిద్దె మీదికి కోతి మాదిరి ఎగిరేవాడు. "ఈనికి తల దువ్వేదెవురే?" అంటే మనవరాలికి కోపం.

ఒకనాడు అది చెప్పింది. "జేజీ, ఇది ఉత్త కథ కాదు. నాలుగు వందల ఏండ్ల కింద జపానులో నిజంగా ఇట్లాంటి మనిషి ఉండినాడు. ఆయన్ని చూసుకొనే ఈ బొమ్మను చేసినారు."

నిజం మనిషి ఎట్లుండె అని అడిగినాను. ఆయన స్నానమే చేసేవాడు కాదంట. ఒంటి మీద పొక్కులంట. పందేనికి పిలిస్తే, ఎదుటోడు నిలబడీ నిలబడీ విసిగిపోయేదాకా వచ్చేవాడు కాదంట. ఒకసారి పడవ తెడ్డును చెక్కి కట్టె కత్తి చేసుకొని, దాంతోనే గెలిచినాడంట. ఆ కాలంలోనే ఇంకొక జపాను దొరకు చిన్నప్పుడే అమ్మవారు పోసి ఒక కన్ను పోయిందంట. బొమ్మల్లో ఆ కంటికి నల్ల పట్టీ కట్టి, ఆడపిల్లలు చూసి మురిసేటట్టు చేసినారంట.

"మరి స్నానం సంగతి బొమ్మలో పెట్టలేదేమే?"

"అదీ చూపిస్తే ఇంకెవురు చూస్తారు జేజీ?"

అదీ నిజమే. సంబంధాలు చెప్పేటప్పుడు మనమూ అంతే కదా అనుకున్నాను.

అప్పట్నుంచి దానికి బొమ్మ మీద కంటే నిజం మనిషి మీదే పిచ్చి పట్టింది. ఎప్పటిదో ఆయన పాత పటం ఫోనులో వెతికి, జిరాక్సు అంగట్లో తీయించి, అద్దం కట్టించి తెచ్చింది. ముందర జుట్టు ఊడిపోయిన తల, జారిపోయే వెడల్పు చేతుల అంగీ, రెండు పక్కలా రెండు కత్తులు, అప్పిచ్చినోని మాదిరి చూపు. తెచ్చి మా అత్తామామల ఫోటోల పక్కన తగిలించింది.

"మా నాయన పక్కన ఈయనెవురు?" అన్నాడు మా ఆయన.

"ఇంకో మేకు లేదు తాతా."

ఇంతలో పెద్దల అమావాస్య వచ్చింది. ఆ దినం పోయిన పెద్దలకు కొత్తగుడ్డలు పెట్టి, వాళ్లకిష్టమైనవి వండి విస్తరి వేస్తాం. వాళ్లకు పెట్టందే ఇంట్లో ఎవురూ ముద్ద ముట్టరు. మా వదిన, అంటే మా ఆయనకు అక్క, ఏటా ఆదోని నుంచి పొద్దున బస్సుకు వచ్చేస్తుంది. ఆమెను చిన్నప్పుడు సాకింది కౌతాళం దిక్కు పల్లెలో వాళ్ల జేజినాయన, అంటే వాళ్ల నాయనకు నాయన. చేన్లకు కావలి కాసే మనిషి. ఆయనకు ఫోటో లేదు. ఏటా మా వదిన ఉత్త గోడ ముందర ఆయన విస్తరి వేసి, "అందరికీ ముఖాలుండాయి, నన్ను మోసినాయనకే లేదు" అని కండ్లొత్తుకునేది.

ఆ పొద్దు నేను వడలు కాలుస్తాంటే నడింట్లో మాటలు ఆగిపోయినాయి. జల్లిగంటె చేతబట్టుకొనే పోయి చూసినాను. మా వదిన మా అత్త ఫోటోకున్న బంతిపూల దండ తీసి జపానాయనకు వేసింది. నుదుటిన ఇంత బొట్టు కూడా పెట్టేసింది. కండ్లెమ్మడి నీళ్లు కారిపోతాండాయి.

"ఒక మాటైనా చెప్పకుండా తెచ్చి పెట్టినారు కదమ్మే. యాడ దొరికింది?"

మా ఆయన ఫ్యాను వైపు చూస్తా నిలబడినాడు.

"అదే బట్టతల," అంది మా వదిన. "కావలికి పోతే రెండు కట్టెలు ఇట్లే పెట్టుకొని పోతాండె."

"ఆ అంగీ ఏమక్కా అంత వెడల్పు?"

"కంబళి కప్పుకున్నాడు రా. చలికాలం."

మనవరాలు నన్ను వంటింట్లోకి గుంజింది. "జేజీ, చెప్పేస్తా."

"అన్నాలయినాక చెబుదువులే."

"అయినాక చెప్తే, ఆ తాత అన్నం ఈయనకు పోతుంది కదా."

నేను పక్కకు జరిగి దారిచ్చినాను. పిల్ల పోయి మా వదిన కాళ్ల దగ్గర కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పింది. తెడ్డు సంగతి, స్నానం సంగతి, ఏమీ దాచలేదు.

మా వదిన చాపమీద కూలబడింది. "జపానోడా?"

"జపానోడే పెద్దవ్వా."

"స్నానం చేయనోనికి మా అమ్మ దండ వేసినానా?"

మా ఆయనకు నవ్వు ఆగలేదు. "నవ్వురా, నవ్వు. నీకేం, ఆయన పోయినాక పుట్టినోనివి," అని మా వదిన ముఖం తిప్పుకుంది.

మనవరాలు కాగితం, పెన్సిలు తెచ్చింది. "బొమ్మలోళ్లు ఈయన్ని పట్టుకొని జుట్టు పెంచి, పొక్కులు తీసేసి ఇంకో మనిషిని చేసినారు కదా. నేనూ ఈయన్నే పట్టుకొని మీ జేజినాయన్ని చేస్తా. నువ్వు చెప్పు."

కత్తులు కట్టెలయినాయి. అంగీ కంబళి అయింది. ముఖం కాడ బండి ఆగింది. పిల్లకు చేతనయ్యేది ఆ గిన్నెల కండ్లే.

"ఇదేమే, దెయ్యాన్ని చూసినోని మాదిరి ఉండాడు," అంది మా వదిన.

"ముక్కు నాది చూసి వేయి," అన్నాడు మా ఆయన. "నాది ఆయన ముక్కే అని మా నాయన చెప్పేవాడు."

"నీది మా అమ్మ దిక్కు ముక్కు రా. ఆయనది నాకొచ్చింది."

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ ముక్కులు పైకెత్తి పిల్ల ముందర కూర్చున్నారు. ఆడ వడలు సల్లారిపోతాండాయి, మిద్దె మీద కాకి అరుస్తాంది. పిల్ల చెరిపీ చెరిపీ కాగితానికి ముక్కున్న చోట చిల్లు పడింది.

మా వదిన ముక్కు దించేసింది. "నాకు ముఖం గురుతు లేదే," అనింది మెల్లగా. "ఎప్పుడూ ఆయన భుజాల మీదే కదా నేను. రెండు చెవులూ పట్టుకొని కూర్చుంటే నాకు కనపడేది ఆ బట్టతల, దాని ముందర చేను. పోయిన దినం ముఖం చూడనీకుండా ఎవురో ఎత్తుకపోయినారు."

పిల్ల కొత్త కాగితం తీసుకుంది. "చెవులు తెలుసు కదా పెద్దవ్వా. చెవులు చెప్పు."

చెవులు అడిగితే మా వదినను పట్టేదెవురు? పెనం మీది ఓళిగ అంత వెడల్పంట, ఓళిగ అంత మెత్తనంట. ఎడమదానికి పోగు, కుడిదాని తమ్మె తెగిపోయిందంట. కుడి చెవి గుంజితే కుడికి, ఎడమది గుంజితే ఎడమకు తిరిగేవాడంట.

"బండెద్దు మాదిరి," అన్నాడు మా ఆయన. ఈసారి మా వదినా నవ్వింది.

పిల్ల ఆయన్ని వెనకనుంచి వేసింది. బట్టతల, కంబళి, చంకలో కట్టెలు, భుజాల మీద చెవులు పట్టుకున్న చిన్న పాప, ముందరంతా పత్తి చేను. మా వదిన దాన్ని ఒళ్లో పెట్టుకొని కొంగుతో పెన్సిలు పొడి మెల్లగా దులిపింది.

"వెనక్కి తిరిగినాయనకు బొట్టు యాడ పెడతావక్కా?" అన్నాడు మా ఆయన.

ఆమె బట్టతల నడిమధ్యన పెట్టింది. విస్తరి వేసి, వడలూ ఓళిగలూ వడ్డించి, కొత్త పంచె మడత పక్కన పెట్టింది. జపానాయనకు పిల్లల్లేరంట అని మనవరాలు చెబితే, ఆయనకూ ఒక వడ పెట్టమంది. దండ మాత్రం తీసి మా అత్తకు వేసేసింది.

దండం పెట్టి లేస్తా, మళ్లీ ఒకసారి వంగి చూసింది.

"ఏమే, ఈ పాపకు రెండు జడలు వేసినావు? నాకు అప్పుడు గుండు."

"చెరిపేస్తా ఉండు పెద్దవ్వా."

"వద్దులే," అంది మా వదిన. "ఉండనీ."