శంకుస్థాపన అయిన తెల్లారి

ఇందులో ఒక్క ముక్క అబద్ధం ఉన్నా, బతికినన్ని రోజులు నాకు ఎల్బీనగర్ బస్సుల సీటు దొరకొద్దు. ఇబ్రహీంపట్నంల ఇంతకన్న పెద్ద ఒట్టు లేదు.

నా నౌకరి పేరు వింటే మా ఇంటామెనే నవ్వుతది: అంతర్జాతీయ నగర సంబంధాల సమన్వయకర్త. అంటే మా ఊరికి, పరాయి దేశంల ఇంకో ఊరికి సంబంధం కుదర్చాలె. పెండ్లి సంబంధాలు చూసే పనే. ఉన్నది కొంత చెప్పాలె, లేనిది మస్తు చెప్పాలె. ఒకసారి మా చెరువు గురించి ఎంత గొప్పగ రాసిన్నంటే, ఓడల కంపెనీ వాళ్లు లంగరు పట్టుకొని విమానం దిగిన్రు.

ఆ ఏడు ఒక చలిదేశపు మేయర్‌తోని మాట కుదిరింది. సగం ఖర్చు వాళ్ల ఊరి కంపెనీది, సగం మనది. రోడ్డు పక్కన కూరగాయలమ్మే ఆడోళ్లకు షెడ్డు. యాచారం దిక్కు నుంచి టమాటలు తెచ్చే అక్క నన్ను ఆపింది.

"తమ్మీ, వానలు పడేలోపట నెత్తిమీద కప్పు పడ్తదా, పడదా? పోయినేడు సరుకంత కుళ్లింది. ఈయేడు గూడ గట్లనే అయితే నేను అమ్ముడు బంద్ చేసుడే."

"పడ్తది అక్క. విదేశం నుంచి వస్తున్నది."

"విదేశమెందుకు? తుర్కయాంజాల్ల రేకులు దొరుకుతలేవా?"

ఆమె కోపం న్యాయమే. అదే షెడ్డుకు ఇదివరకే రెండు శంకుస్థాపనలు అయినయి. ఆ శిలాఫలకాల మీద ఆమె కొత్తిమీర కట్టలు పేర్చుకుంటది.

మేయర్ వచ్చిండు. ముక్కు తప్ప ఏమీ కనబడకుండ శాలువాలు కప్పినం. కొబ్బరికాయ కొట్టి, రాయి మీద పరదా తీసి, తాపీతోని ఇంత సిమెంటు పూసి, అందరం భోజనానికి పోయినం. రాయి పెడితే పని అయిపోయినట్టే అని మనకు ఎరుకే. పాపం, ఆయనకు ఎవ్వరు చెప్పలే.

తెల్లారి చూస్తే, నెత్తిన హెల్మెట్, చేతిల పార పట్టుకొని అక్కడ నిలబడ్డడు. పనోళ్లు ఏరని నన్ను అడిగిండు.

"రాయి భూమికి అలవాటు పడాలె సార్, జర టైం పడ్తది" అన్న.

"ఎంత టైం?"

అర్థమైనట్టే అక్క అందుకున్నది: "మొదటి రాయి పెట్టిన్నాడు నా బిడ్డ బడిల చేరింది. ఇప్పుడు కాలేజీకి పోతున్నది. గిదే చెప్పు ఆయనకు."

"మీకు స్వాగతం పలుకుతున్నది సార్" అని చెప్పిన.

ఆయన ఆమెకు దండం పెట్టి తవ్వుడు షురూ చేసిండు. తెల్లాయన గుంత తవ్వుతుండంటే ఊరంత ఫోన్లు పట్టుకొని ఉరికొచ్చింది. వెనుక లీడర్లు వచ్చిన్రు. ఒకరు తవ్విన గుంతల ఇంకొకరు ఫోటో దిగరు కదా, ఎవరి గుంత వాళ్లే తవ్విన్రు. పొద్దుగూకేసరికి పైపులు నిలబడ్డయి. వారం తిరగకముందే రేకులు ఎక్కినయి. తొలి వానకు అక్క గంప పొడిగనే ఉన్నది.

ఇగ ఒట్టు వేసిన కాబట్టి చెప్పాలె. మేయర్ తవ్వింది నా కల్పన. ఆయన ముందటి పూటనే విమానం ఎక్కిండు. తెల్లారి గడ్డపార పట్టింది అక్క. "మీ రాయి మీరు పెట్టుకున్నరు, నా గుంత నేను తవ్వుకుంట" అన్నది. నేను చేసింది ఒక్కటే: విదేశీ మేయర్ స్వయంగ తవ్వుతుండు, జల్ది రాండ్రని లీడర్లందరికి ఫోన్ కొట్టిన. ఇస్త్రీ చొక్కాలతోని వచ్చినోళ్లు, అంతమంది చూస్తుండంగ, ఉత్తచేతులతోని ఎట్ల మర్లిపోతరు?

షెడ్డు ఫోటో మేయర్‌కు పంపిన. నడుమ గడ్డపార పట్టుకొని నిలబడ్డామె ఎవరని ఆయన అడిగిండు.

మా దిక్కు పెట్టుబడిదారు అని రాసిన.