దిద్దిన చోటల్లా సంతకం

కాజీపల్లి మందుల కంపెనీలో, మా ప్యాకింగ్ సెక్షన్‌లో నా పక్కన కూర్చునే అక్క నల్లగా నిగనిగలాడేది. అక్కడ రికార్డులో తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తప్పు చేసినవాళ్లే సంతకం పెట్టాలి. అక్క ఆ రూలును కిరాయికి తెచ్చుకున్న నవలలకూ పెట్టింది. హీరోయిన్‌ది ‘పసిడి ఛాయ’ అని ఉంటే గీత కొట్టి ‘నలుపు’ అని రాసేది.

"రాసినాయన ఈడ లేడు గద, ఆయన బదులు నేను పెడ్తున్న" అంటూ సంతకం చేసేది.

ఆమె మీద ఇష్టంతో నేనొక కథ రాశాను. ఆమె సూపర్‌వైజర్‌తో కొట్లాడి మా అందరికీ గ్లౌజులు ఇప్పించిన సంగతే కథ. వారపత్రికలో అచ్చయింది. అందులో ఆమెను దబ్బపండు ఛాయలో పెట్టాను. సంతోషపడుతుందనుకున్నాను.

మర్నాడు క్యాంటీన్‌లో అందరూ టిఫిన్లు తెరిచాక పత్రిక నా ముందు పెట్టింది. నాలుగు చోట్ల గీత, పక్కన ‘నలుపు’. సంతకాల చోటు ఖాళీ.

"కొట్లాడింది నేను. గీ తెల్లటామె ఎవరో నాకు తెల్వదు. రాసినామె ఈడనే ఉంది గద, పెట్టు."

"అక్కా, జెర పక్కకు రా, మాట్లాడుకుందం."

"అందరు సదివిన్రు. అందరి ముందే పెట్టు."

నాలుగూ పెట్టాను. ఆ పేజీ చించి, షిఫ్టు నోటీసుల బోర్డుకు గుచ్చింది.

"ఇంకోటి రాయి చెల్లె. గదీ దిద్దిపిస్త."

నేను ఉద్యోగం మానేసేదాకా అక్క ఆ పేజీని ఎవరినీ తీయనివ్వలేదు.