నిద్రపోని కాపలా

మొన్న తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర మా ఆకివీడు మావయ్య మళ్ళీ నోరు విప్పాడు. పక్కన కూర్చున్న దంపతులు, కూతురికి మనసు బాగుండక ఏలూరు డాక్టరు దగ్గరికి తిప్పుతున్నామని మెల్లగా చెప్పుకుంటుంటే, ఈయన గుత్తివంకాయ చిదుముతూ, "మందులెందుకండీ, ఏదైనా పనిలో పెట్టండి, అమ్మాయే కుదురుకుంటుంది" అన్నాడు. డెబ్బై దాటినా ఆయనకి పళ్ళన్నీ ఉన్నాయి. సిగ్గొక్కటే ఎప్పుడూ మొలవలేదు.

ఈ సలహానే ఇరవయ్యేళ్ళ కిందట మా పెద్దనాన్నకీ ఇచ్చాడు. పెద్దనాన్నకి కొల్లేరు పక్కన చేపల చెరువుండేది. ఒక్కడే కొడుకు, మా అన్నయ్య. ముప్పై దాటాక తననెవరో పిలుస్తున్నారనడం మొదలుపెట్టాడు, రాత్రిళ్ళు నిద్ర మానేశాడు. ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపిస్తే, మాత్రలతో కొన్నాళ్ళకి మనిషయ్యాడు. గడ్డం గీసుకున్నాడు, పులుసులో ఉప్పు తక్కువైందని పెద్దమ్మ మీద విసుక్కున్నాడు. ఆ విసుగుకే సంబరపడి పెద్దమ్మ వీధంతా చెప్పుకుంది. చుట్టాలకి మాత్రం పిచ్చి మందులు వాడటం నామోషీ అయింది. మా చుట్టాల సంగతేం చెప్పను! గేదెకి జబ్బు చేస్తే పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతారు, మనిషికి జబ్బు చేస్తే పరువు కోసం పరుగెత్తుతారు.

చేపల చెరువుకి కాపలా ముఖ్యం. మబ్బు పట్టిన వేకువల్లో నీళ్ళలో గాలి చాలక చేపలు నోళ్ళు పైకెత్తితే, వెంటనే మోటారు వేసి నీళ్ళు చిమ్మించాలి. కాపలా మనిషి కునుకు తీశాడా, చెరువంతా చచ్చిన చేపలు తెల్లగా తేలిపోతాయి. అందుకని పెద్దమ్మ తమ్ముడైన ఈ మావయ్యకి దివ్యమైన ఆలోచన వచ్చింది. "నిద్దరపోని కుర్రాణ్ణి దేవుడిచ్చాడండీ బావగారూ! మాత్రలేసి పడుకోబెడతారేంటండీ?" అన్నాడు. చుట్టాలంతా తలలూపారు. పెద్దమ్మ వద్దంటే, ఆడవాళ్ళకి చెరువుల సంగతేం తెలుసన్నారు. పెద్దనాన్న మెత్తటి మనిషి. మాత్రలు మాన్పించి, కొడుకుని గట్టు మీద పాకలో పెట్టాడు. ఇంత మెలకువగల కాపలా కొల్లేటి చుట్టుపక్కల లేదని అందరూ మెచ్చుకున్నారు కూడా.

వానాకాలంలో ఒక పొద్దున చేపలు నోళ్ళు పైకెత్తాయి. అవి తనని పిలుస్తున్నాయనుకున్నాడు అన్నయ్య. మోటారు జోలికి పోకుండా, తూముకి అడ్డున్న వల కోసి, తలుపెత్తి, చేపల్ని కాలువలోకి వదిలేశాడు. సెలవులకి వచ్చి ఉన్న నేను కేకలు విని పెద్దమ్మ వెనకే పరుగెత్తాను. అన్నయ్య పీకల్లోతు నీళ్ళలో నిలబడి, "పోండమ్మా, పోండి, ఊపిరి తీసుకోండి" అంటూ ఏడుస్తున్నాడు. చేపలు పట్టుకోడానికి కాలువలోకి ఊరంతా లుంగీలెగ్గట్టి దిగింది. అందరికంటే ముందు, ముందురోజే చుట్టపుచూపుగా వచ్చిన మావయ్య, యూరియా సంచితో.

పెద్దమ్మ కట్టుచీరతో నీళ్ళలోకి దిగి, కొడుకు చెయ్యి పట్టుకుని గట్టెక్కించింది. మావయ్య సంచి దించకుండానే, "ఇంక గొలుసేసి కట్టెయ్యాలండీ బావగారూ" అన్నాడు. పెద్దనాన్న ఎన్నడూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ పూట కూడా గొంతు పెంచలేదు.

"సంచి బరువుగా ఉన్నట్టుందండీ. ఇంటికెళ్ళి పులుసు పెట్టించుకోండి. మళ్ళీ మా గడప తొక్కకండి."

ఆ మధ్యాహ్నమే కొడుకుని ఏలూరు బస్సెక్కించాడు. మళ్ళీ మాత్రలు మొదలయ్యాయి. అప్పట్నుంచి చెరువు కాపలా ఆ ముసలివాళ్ళిద్దరే వంతులేసుకుని కాశారు. ఎదిగిన కొడుకు ఇంట్లో గురకపెడుతుంటే తండ్రి గట్టు మీద జాగారమా అని ఊరు నవ్వింది. చలిలో ఎందుకీ అవస్థని నేనే అడిగితే, "వాడు నిద్దరపోతున్నాడమ్మా. ఇంకేం కావాలి?" అన్నాడు పెద్దనాన్న.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. అన్నయ్య మా ఇంట్లోనే ఉంటాడు, మాత్ర వేసుకుని పెందలాడే పడుకుంటాడు. ఇదంతా ఆ దంపతులకి మావయ్య ఎదుటే చెప్పి, డాక్టరు మాట మాత్రమే వినమన్నాను. మావయ్య తలెత్తకుండా పెరుగు వడ్డించమని అడిగాడు. కాలం ఎవరినైనా మారుస్తుందంటారు. మా పెద్దనాన్నని ఒక్క పొద్దులో మార్చింది గానీ, ఈయనకి ఇరవయ్యేళ్ళు ఖర్చుపెట్టి జుట్టొక్కటే తెల్లబరచగలిగింది.