ఉత్తరపు వాకిట్లో ఆరు జతల చెప్పులు

ఆ తలుపు పన్నెండు గంటలకు మూసేస్తారని నాకు ముందే తెలుసు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో "చినుకులు. చలి. చెప్పుల గొడవ" అని మూడు ముక్కలు రాసి వదిలేశాను.

జరిగింది ఫ్రాన్సులో, ఒక పాత ఊళ్ళో. ఆ ఊరి పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకడం రాదు, కాబట్టి రాయను. పోయిన మే నెలలో మా పెద్దమ్మతో కలిసి టూరు బస్సులో వెళ్ళాను. పెద్దమ్మ కడపలో నర్సుగా చేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కసారైనా విమానమెక్కి నాలుగు దేశాలు చూడాలని ఆమె కోరిక. మోకాళ్ళ నొప్పులు. బోర్డుల మీది ఇంగ్లీషు చదివి చెప్పడానికి ఒక తోడు కావాలి. కర్నూలులో డిగ్రీ ముగించి, పోటీ పరీక్షల పేరు చెప్పి ఇంట్లో కూర్చుని నవలలు చదువుకుంటున్న నేను దొరికాను.

టూరు వాళ్ళు ఇచ్చిన కాగితంలో ఆ ఊరి పేరుకు ఎదురుగా "షాపింగుకు నాలుగు గంటలు" అని మాత్రమే ఉంది. ఇంకేముందో చూద్దామని ఫోనులో వెతికితే ఒక కరపత్రం దొరికింది. ఆ ఊరి పాత బస్తీని ఎవరికి వారే నడిచి చూసుకోవచ్చట. దారి పొడవునా నేల బండల్లో ఇత్తడి బిళ్ళలు పొదిగి ఉంటాయి. ఒక్కో బిళ్ళ మీద ఒక బాణం, ఒక అంకె, ఒకటి నుంచి పన్నెండు వరకు. వాటి వెంట పోతే చాలు, గైడు అక్కర్లేదు, ఎవరినీ దారి అడగక్కర్లేదు. ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆటో అతనితో "ఇక్కడ ఆపండి" అనడానికి గొంతు పెగలక, రెండు వీధులు దాటిపోయాక దిగి వెనక్కి నడిచి వచ్చే మనిషిని నేను.

పదకొండో బిళ్ళ ఒక పాత గ్రంథాలయం ముందు ఉంది. శనివారం ఒంటిగంట వరకే తెరుస్తారు. మేము అక్కడ ఉండేది శనివారమే. లోపలి గదిలో పొడవాటి బల్ల, దాని చివర సందర్శకులు రాసే పుస్తకం ఉంటాయనీ, ఎవరైనా ఏ భాషలోనైనా రాయవచ్చనీ కరపత్రంలో ఉంది. అందులో రాయడానికి ఒక మాట తయారుచేసుకున్నాను. నాలుగు నెలలు డైరీలో కొట్టేస్తూ దిద్దుతూ వస్తే చివరికి ఇంత మిగిలింది: "మాది కర్నూలు. ఎవరినీ దారి అడగకుండా ఇక్కడిదాకా నడిచి వచ్చాను." ఆ ప్రయాణంలో నాకు కావలసింది అదొక్కటే.

కరపత్రాన్ని జిరాక్సు అంగట్లో ప్రింటు తీయించుకుని, తెలుగులో డైరీలోకి ఎక్కించుకున్నాను. దారి బొమ్మ గీసుకున్నాను. మొత్తం గంటన్నర నడక అని రాశారు. పెద్దమ్మ మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే ఆమెను కొండారెడ్డి బురుజు దాకా నడిపించి, ఎంతసేపు పడుతుందో చూసుకునేదాన్ని. ఒకరోజు మిద్దె మీద డైరీ తీసి చూపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని బొమ్మంతా చూసింది.

"పదకొండుకాడ ఇన్ని గీతలు గీసినావు, ఏముండాది ఈడ?"

"పుస్తకాలు."

"పుస్తకాలు మన కర్నూల్లో లేవా ఏంది?" అని నవ్వింది.

నేను డైరీ మూసేశాను. సందర్శకుల పుస్తకం సంగతి చెప్పాలనిపించలేదు.

ఆ శనివారం పదిన్నరకు బస్సు మమ్మల్ని పాత కోట గుమ్మం దగ్గర దించింది. రెండున్నరకు మళ్ళీ అక్కడే ఉండాలన్నారు. గుమ్మం కిందే ఒకటో బిళ్ళ కనిపించింది. నేను డైరీ తీశాను. తీయకుండా ఉండాల్సింది. పత్తికొండలో విత్తనాల అంగడి ఉన్న ఒకాయన, వారం రోజులుగా బస్సులో మా ముందు సీటు ఆయనదే, నా భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఏం పాపా, అంతా బొమ్మేసి పెట్టుకున్నావే! ఇంగ మనకు గైడెందుకప్పా? రండి, రండి. పాప ఎనక పోదాం."

ఆయనా, ఆయన భార్యా, ఇంకో ముగ్గురూ వచ్చి చేరారు. పెద్దమ్మతో, నాతో కలిపి ఏడుగురం. వద్దని అనడం నాకు చేతనైతే కదా. పెద్దమ్మ వైపు చూశాను. ఆమె "రానీలే" అన్నట్టు చెయ్యి ఊపింది.

రెండో బిళ్ళ దగ్గర కొయ్య దూలాల ఇళ్ళు ఉన్నాయి. ఐదారు వందల ఏళ్ళవట. ఒకదాని మీదికి ఒకటి ఒరిగి ఉన్నాయి. వాటిని చూస్తూ పది నిమిషాలు నిలబడాలని రాసుకున్నాను. పత్తికొండ ఆయన పది క్షణాలు చూశాడు.

"కింద నిలబడొద్దండి, ఎప్పుడు పడతాయో ఏమో. మా ఊర్లో అయితే పంచాయితోళ్ళు ఎప్పుడో కూలగొట్టింటారు."

మూడో బిళ్ళ దగ్గర మాత్రం ఆయన కదలలేదు. అది సంత. కూరగాయల బండ్ల మధ్య ఎర్రటి టమోటాలు కనబడ్డాయి. ఆయన ఒక కాయ తీసి నొక్కాడు, ఇంకోటి తీసి వాసన చూశాడు. అమ్మే ఆమె పరుగున వచ్చి ఆయన చేతిలోది లాక్కుని తిట్టింది. భాష తెలియకపోయినా అవి తిట్లేనని తెలిసింది.

"ముట్టుకోకూడదంట" అన్నాను.

"ముట్టుకోకుండా టమోటా యెట్ల కొంటారు పాపా? నొక్కితేనే గదా కాయో పండో తెలిసేది! ఈయమ్మను ఒక్కసారి మా మార్కెట్టుకు తోలుకోని పోవల్ల."

"ఆయమ్మ వచ్చేది అట్లుండనీ, నిన్ను పోలీసోళ్ళు తోలుకోని పోకుండా చూసుకో" అంది ఆయన భార్య.

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా లెక్క ప్రకారం అప్పటికి ఐదో బిళ్ళ దాటాలి. నాలుగో దగ్గర ఒకరికి బాత్రూము కావాల్సి వచ్చింది. ఐదో దగ్గర అందరూ విడివిడిగానూ, కలిసీ, ఆ తరువాత ఎవరి ఫోనుతో వాళ్ళూ ఫొటోలు దిగారు. ప్రతి ఫొటో నేనే తీయాలి. తల వంచుకుని తీస్తూ ఉన్నాను. లోపల మాత్రం బిళ్ళలు లెక్కపెడుతూ ఉన్నాను.

ఆరో బిళ్ళ పెద్ద చర్చి. చేరేసరికి పదకొండూ నలభై. కరపత్రంలో దాని గురించి రాసినది నాకు నోటికి వచ్చు: లోపలికి ఉత్తరపు వాకిలి నుంచి, బయటికి పడమటి వాకిలి నుంచి, పన్నెండు నుంచి రెండు వరకు మూత. ఉత్తరపు వాకిలి ముందు చిన్న రాతి మంటపం, దానికి ఇనుప కటకటాల గేటు ఉన్నాయి. ఆ ఊరి వాళ్ళు బూట్లతోనే లోపలికి పోతున్నారు. మా వాళ్ళు మంటపంలో ఆగారు.

"దేవుని గుడి ఎవరిదైనా గుడే. చెప్పులిడవండప్పా" అన్నాడు పత్తికొండ ఆయన.

"మా చర్చికి గూడా మేము ఇడిసే పోతాం" అని పెద్దమ్మ వంగి, మోకాలు పట్టుకుని, చెప్పుల పట్టీ విప్పుకుంది. అది నిజమే. మా చర్చిలో చాపల మీదికి చెప్పులతో అడుగు పెట్టినవాళ్ళను నేనూ చూడలేదు. గోడవారగా ఆరు జతలు వరుసగా పేరుకున్నాయి.

నేనూ నా బూట్లు విప్పాను. విప్పి, గుడ్డసంచిలో పెట్టుకున్నాను.

బయటికొచ్చేది ఇటువైపు కాదని ఒక్కమాట అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. దేవుడి వాకిట్లో నిలబడి ఆరుగురు పెద్దవాళ్ళతో చెప్పులు విడవొద్దని ఎలా చెప్పడం అనుకున్నాను. సిగ్గు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. సగం సిగ్గే. మిగతా సగం వేరు. వీళ్ళంతా పడమటి వాకిట్లోంచి బయటపడి, చెప్పుల కోసం చర్చి చుట్టూ తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాల్లో నేను ఒక్కదాన్నే ఏడో బిళ్ళ వైపు వెళ్ళిపోవచ్చు. "ముందు నడుస్తుంటాను, రండి" అని పెద్దమ్మతో చెప్పి వెళ్ళిపోవచ్చు. అదీ నేను వేసుకున్న లెక్క. తలుపు మూస్తారని తెలుసు గానీ, మంటపం గేటుకూ తాళం పడుతుందని అనుకోలేదు.

లోపల రంగు అద్దాల కిటికీల కింద వాళ్ళు నిదానంగా తిరిగారు. పెద్దమ్మ ముందు వరుసలో కూర్చుని ప్రార్థన చేసుకుంది. పన్నెండు కొట్టగానే ఒక ముసలాయన తాళాలు గలగలలాడిస్తూ వచ్చి అందరినీ పడమటి వాకిట్లోంచి పంపించాడు. చినుకులు పడుతున్నాయి. ఉత్తకాళ్ళు తడి బండల మీద పెట్టగానే అందరికీ ఒకేసారి చెప్పులు గుర్తొచ్చాయి. చుట్టూ తిరిగి ఉత్తరపు వైపు వెళితే ఇనుప గేటుకు తాళం. కటకటాల అవతల ఆరు జతలూ పొడిగా, వరుసగా కనబడుతున్నాయి.

"మా చెప్పులు లోపలుండాయి సామీ!" అని పత్తికొండ ఆయన ఎవరూ లేని మంటపంలోకి కేకేశాడు. తరువాత గొడుగు తిరగేసి, పిడి వంకతో చెప్పులను లాగడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి ఒకటి వచ్చింది. అది ఆయన భార్య ఎడమకాలి చెప్పు.

"ఒంటి చెప్పు ఏం చేసుకోవల్ల నేను? నీ తలకాయ మీద పెట్టుకో" అంది ఆమె.

నేను అప్పటికి బూట్లు తొడుక్కున్నాను. పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి నా లెక్కలోని మాట చెప్పబోతుండగా ఆయన కళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి.

"ఆ పాపకు బూట్లుండాయి. ఇంగిలీసూ వస్తాది. పాపా, నువ్వు పొయ్యి ఆ తాళాలాయన్ను యాడున్నా పట్టుకోని రా."

"నీకెట్ల మిగిల్నాయి పాపా బూట్లు?" అంది ఆయన భార్య.

"సంచిలో పెట్టుకున్నాను."

"తెలివైన పిల్ల" అందామె. ఎత్తిపొడుపు కాదు, మెచ్చుకోలే.  పెద్దమ్మ మెట్టు మీద కూర్చుని, చీర అంచుతో పాదాలు కప్పుకుంది.

ఎవరినీ దారి అడగకుండా నడవాలని వచ్చిన నేను ఆ అరగంటలో నలుగురిని అడిగాను. బొమ్మల కార్డులు అమ్మే ఆమెను, కుక్కను తిప్పుతున్న ఒకాయనను, ఇద్దరు ఆడపిల్లలను.  చివరికి ఒక పిల్ల ఒక సందు చూపించింది. తాళాల ముసలాయన రోజూ ఆ సందు మూలనున్న హోటల్లో భోంచేస్తాడట. సందు మొదట్లో నా కాళ్ళ ముందు పదో బిళ్ళ. బిళ్ళ మీద బాణం ఎడమవైపుకు. అటు చూస్తే ఇరవై గజాల దూరంలో గ్రంథాలయం, దాని నీలం తలుపు తెరిచే ఉంది. తలుపు పక్కన ఒక సైకిలు, లోపల పచ్చటి దీపం. హోటలు కుడివైపు. టైము పన్నెండూ నలభై ఐదు.

ఐదు నిమిషాలు చాలు. ఎడమవైపుకు నాలుగడుగులు వేశాను కూడా. ఫోను మోగింది. పత్తికొండ ఆయన.

"పాపా, దొరికినాడా? తొందరగా తోలుకోని రా. మీ పెద్దమ్మ కాళ్ళు మంచుగడ్డలైతాండాయి. పైకి చెప్పడంలే, శానా ఓర్చుకుంటాండాది."

కుడివైపుకు తిరిగాను.

ముసలాయన మెడ కింద గుడ్డ కట్టుకుని అప్పుడే ముద్ద నోట్లో పెట్టుకుంటున్నాడు. నా ఇంగ్లీషు ఆయనకు అర్థం కాలేదు. ఒక బూటు విప్పి, ఉత్తకాలు చూపించి, చర్చి వైపు వేలు పెట్టాను. ఆయనకు అర్థమై గట్టిగా నవ్వాడు. నవ్వి, ఎదుటి కుర్చీ చూపించాడు. తినేదాకా కూర్చోమని. తినే మనిషిని విస్తరి ముందు నుంచి లేపకూడదని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చెప్పిన మాట. ఇంకొకరైతే లేపేవాళ్ళేమో. నేను కూర్చున్నాను. ఆయన కూర తిన్నాడు. రొట్టెతో పళ్ళెం తుడుచుకుని తిన్నాడు. జున్ను తెప్పించుకున్నాడు. కాఫీ తెప్పించుకుని నాకూ ఒకటి తెప్పించాడు. ఐదు నిమిషాలు వెళ్ళి వస్తానని సైగ చేయవచ్చన్న ఆలోచన నాకు ఆ రోజు రాత్రి మేము బస చేసిన గదిలో వచ్చింది. అప్పుడు రాలేదు. గోడ గడియారం ముల్లునే చూస్తూ ఆ చేదు కాఫీ తాగాను.

మేము బయటికి వచ్చేసరికి ఒంటిగంటా పది. నీలం తలుపు మూసి ఉంది. సైకిలు లేదు.

గేటు తెరవగానే అందరూ కాళ్ళు తుడుచుకుని చెప్పులు తొడుక్కున్నారు. పత్తికొండ ఆయన ముసలాయన చెయ్యి పట్టుకుని ఊపాడు. చలికి ఇంక ముందుకు నడుస్తామన్నవాళ్ళు లేరు, అందరం బస్సు దగ్గరికి తిరిగి వచ్చేశాం. "పాప లేకుంటే ఈపొద్దు ఉత్తకాళ్ళతో పత్తికొండకు పోయింటిమి" అని బస్సంతా వినబడేలా చెప్పాడు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాను.

ఇంటికి వచ్చాక పన్నెండు చోట్లూ చూశానని మా అమ్మకు చెప్పాను. ఏడు నుంచి పన్నెండు వరకు కరపత్రంలో ఉన్నదే వర్ణించాను. గ్రంథాలయం ఎలా ఉందో కూడా చెప్పాను. పెద్దమ్మ పక్కనే కూర్చుని బొరుగులు తింటూ అంతా విన్నది. 

మరుసటి రోజు పొద్దున ఆమెను కర్నూలు బస్టాండులో కడప బస్సు ఎక్కించాను. సీటు కింద పెట్టె పెట్టి, నీళ్ళ సీసా చేతికిచ్చి దిగబోతుంటే కొంగు సర్దుకుంటూ నన్ను ఆపింది. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. చప్పుడులో వినబడేలా నా చెవి దగ్గరికి వంగి అంది:

"ఆ దినం నువ్వు బూట్లు సంచిలో పెట్టుకునేటప్పుడు నేను చూసినాలే. నాకొక్కమాట చెప్పల్ల గదమ్మా. నా చెప్పులు గూడా ఆ సంచిలో పట్టేవి. ఇద్దరం పోయింటిమి ఆ పుస్తకాలకాడికి."