మైకులో ఆయన పేరు

మొన్న శనివారం కరివేపాకు కోసం ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా ఇంటి దగ్గరున్న ఏషియన్ స్టోర్‌కి వెళ్ళి, ఎప్పుడూ పోని వరుసలోకి పోయి, నల్ల బెల్లం ముక్కలున్న చిన్న ప్యాకెట్ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. దాని మీద జపాన్‌లోని ఒకినావా దీవి బొమ్మ ఉంది. మన వయసువాళ్ళకు ఇదొక చిక్కు, ఏ వస్తువు పట్టుకుంటే ఏ జ్ఞాపకం లేస్తుందో తెలియదు. వెనక నిలబడిన అమ్మాయి ఎక్స్‌క్యూజ్ మీ అనేదాకా నేను కదలలేదు.

అప్పట్లో మా అమ్మాయి ఒకినావాలోని అమెరికా మిలిటరీ స్థావరంలో పళ్ళ డాక్టరు. అప్పుడు మేముండే పిస్కాటవేలో మందుల కంపెనీ నుంచి మావారు రిటైరైన ఏడాది, మేమిద్దరం నెల్లాళ్ళు ఉందామని దాని దగ్గరికి వెళ్ళాం. ఆ రిటైర్మెంట్ వెనక ఉన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయనకు మరుపు మొదలైంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో అనే మరుపు కాదు, ఇరవై ఏళ్ళుగా వెళ్ళివచ్చిన రోడ్డు పక్కన కారు ఆపి, ఇల్లెటు అని నాకు ఫోన్ చేసే మరుపు. అమ్మాయితో చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నారు. కూతురి కళ్ళలో ఆయన ఎప్పటి కెమిస్టుగానే ఉండాలని నాకూ ఉండేది, అందుకే ఆయన్ని ఎవరేమడిగినా నేనే ముందు జవాబు చెప్పేసేదాన్ని. ఈవిడకి నోరెక్కువైందని అల్లుడు అనుకునే ఉంటాడు, అనుకోనీ అని ఊరుకున్నాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, అల్లుడికి డ్యూటీ ఉండడంతో, అమ్మాయీ, ఏడేళ్ళ మనవరాలూ, మేమిద్దరం నహా పట్నంలో కొకుసాయి వీధి చూడ్డానికి బయలుదేరాం. వీధి పొడవునా కొట్లు, ప్రతి గుమ్మానికీ జంట మట్టి సింహాలు, ఒకటి నోరు తెరిచి, ఒకటి మూసి. పక్కకి తిరిగితే పైకప్పు వేసిన సందులు, అందులో చేపల బజారు. కింద చేప కొనుక్కుంటే పైఅంతస్తులో వండిపెడతారట. మావారు సముద్రపు ఊళ్ళో పుట్టిన మనిషి కదా, నీలం రంగు చేపను చూసి, మొప్పలు ఎత్తి పరీక్షించి, కొట్టువాడితో సైగలతోనే స్నేహం చేసేశారు. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖం అంత తేటగా కనిపించి నా ప్రాణం లేచి వచ్చింది.

చేపను శుభ్రం చేసి ఇచ్చేదాకా ఇక్కడే ఉండండి అని చెప్పి, అమ్మాయి పిలిస్తే పక్క సందులో బట్టలు చూడ్డానికి వెళ్ళాను. వెళ్ళకపోతే ఎందుకని అడుగుతుంది, అడిగితే ఏం చెప్పను? పది నిమిషాల్లో వచ్చి చూస్తే చేప సంచి బల్ల మీద ఉంది, మనిషి లేరు.

"డాడీ ఎక్కడికి పోతారమ్మా, షాప్స్ చూస్తుంటారు, వచ్చేస్తారులే" అంటూనే నా వాలకం చూసి కంగారుపడి, అమ్మాయి పెద్ద వీధివైపు పరుగెత్తింది. నేను మనవరాలిని పట్టుకుని బజారు ఆఫీసులోకి వెళ్ళాను. అక్కడి ఆవిడ మైకు దగ్గరకు లాక్కుని, పేరు చెప్పమంది. నేను నోరు తెరిచి, మా అమ్మాయి వాళ్ళ డాడీ అన్నాను. ఆవిడకు అర్థం కాక మళ్ళీ అడిగింది. చదువుకున్నదాన్ని, ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నదాన్ని, కాగితాల మీద వందసార్లు రాసిన ఆ పేరు నోటికి రాలేదు. పెళ్ళినాడు పాస్టరుగారి వెనక ప్రమాణం పలికినప్పుడు తప్ప నేనెన్నడూ ఆ పేరు పైకి అని ఎరుగను.

"అమ్మమ్మా, తాతయ్య నేమ్ చెప్పు! హీ ఈజ్ లాస్ట్!" అని మనవరాలు నా కొంగు లాగి ఏడ్చింది. అప్పుడు చెప్పాను. ఆవిడ తనకు నోరు తిరిగినట్టు పలికిన ఆ పేరు ఆ సందులన్నింటిలో మూడుసార్లు వినిపించింది.

ఆయన రాలేదు. మైకు విని అమ్మాయి వచ్చింది. ముగ్గురం మళ్ళీ బయలుదేరి రెండు సందులు దాటేసరికి, కూరగాయల కొట్టు ముందు, చేతిలో కాకరకాయ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఏమండీ అని అరిచాను. చప్పున తిరిగారు. అంత జనంలో తిరిగింది ఆయనొక్కరే.

"ఎక్కడికెళ్ళావ్? నీ కోసమే చూస్తున్నా" అని కోప్పడి, తర్వాత గొంతు తగ్గించి, "ఎవరో పాపం తప్పిపోయినట్టున్నాడు, ఇందాకట్నుంచి మైకులో పిలుస్తున్నారు" అన్నారు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఆ చేపను పైఅంతస్తులో వండించుకుని తిన్నాం, మావారే ఎక్కువ తిన్నారు. ఇంటికొచ్చాక అమ్మాయి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చాలాసేపు ఆయన చెయ్యి నిమిరింది. ఏడాది ముందే చెప్పి ఉంటే ఏమైనా మిగిలేదా అని ఇప్పటికీ అడుగుతుంటాను. ఏమీ మారేది కాదమ్మా అంటుంది. నా మనసు కోసం అంటుందో, నిజమే అంటుందో నాకు తెలియదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే, తన పేరు ఆయన మరచిపోకూడదని, ఆయన్ని పేరు పెట్టి పిలిచేదాన్ని. మొదట్లో పెళ్ళికొడుకులా సిగ్గుపడి నవ్వేవారు. పోనుపోను ఆ పేరు ఎవరిదో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూసేవారు. నాలుగేళ్ళు అలా గడిచాయి, చివరి వారం దాకా ఏమండీ అంటే మాత్రం తల తిప్పేవారు.

ఇప్పటి పిల్లలు మొగుడూ పెళ్ళాం హాయిగా పేర్లతో పిలుచుకుంటున్నారు, అదే మంచిది. నేనూ నేర్చుకున్నాను. బ్యాంకులోనో చర్చిలోనో ఆయన పేరేమిటని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తున్నాను. ఏమండీ అని పిలవడానికే ఇప్పుడు ఎవరూ లేరు.