గుమ్మంలో ఎండకి చూసి కొన్న మానిటరు

మొన్న మా మేనకోడలి ఇంటికి అట్టపెట్టెలో కొత్త మానిటరు వచ్చింది. వెలిగించి చూడకుండానే ఫోనులో నొక్కి తెప్పించుకుందట. కంటికి హాయిగా ఉంటుందని ఎలా తెలిసిందే అని అడిగితే, కొన్నవాళ్లంతా బాగుందని రాశారత్తా అంది. ఎవరి కళ్లో చెప్పిన మాట మన కళ్లకెలా పనికొస్తుందో నాకు అర్థం కాలేదు గాని, 2013 ఆశ్వయుజ మాసమూ, శ్రీకాకుళంలోని ఒక దుకాణం గుమ్మమూ గుర్తుకొచ్చాయి.

అప్పట్లో మావారు పంచాంగం గణించేవారు. మామగారి నాటి నుంచీ వస్తున్న పని. ఆయన కాగితం మీద వేసిన తిథుల లెక్కలు సరిచూసి కంప్యూటరులో ఎక్కించడం, లెక్కల టీచరుగా రిటైరయినదాన్ని గనక, నా వంతు. ఇంట్లో ఉన్నది బానపొట్ట పాత మానిటరు. దాని రెపరెపకు కళ్లు మండి నీళ్లు కారి, మూడుకీ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. అలా ఒక ఏకాదశి ఘడియల్లో మూడు కాస్తా ఎనిమిదై కూర్చుంది. ప్రూఫులో దొరికింది గాబట్టి సరిపోయింది, లేకపోతే సగం జిల్లా ఏకాదశి నాడు పులిహోర తిని ద్వాదశి నాడు ఉపవాసం ఉండేది. ఇంకొక్క తప్పు దొర్లితే ఈ పని వేరేవాళ్లకి ఇస్తానని, పంచాంగం అచ్చువేసే ప్రెస్సాయన మర్యాదగానే చెప్పాడు. అంత మర్యాదగా చెప్పినందుకే నాకు అన్నం సయించలేదు.

నేనూ, నౌపడ పిల్ల అయిన మా తోటికోడలూ కలిసి మానిటరు కొనడానికి వెళ్లాం. దుకాణంలో వరసగా వెలుగుతున్న తెరల్లో ఏది చూసినా బాగానే ఉంది. ట్యూబులైటు కింద చీర రంగు నమ్మకుండా గుమ్మంలోకి తెచ్చి ఎండలో చూడడం మా ఇద్దరికీ పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు.

"ఇక్కడ సూస్తే ఏటి తెలుస్తాది బాబూ? గుమ్మంలోకి అట్టుకురా!" అంది మా తోటికోడలు.

"ఇది చీర కాదమ్మా, వైర్లున్నాయి," అన్నాడు దుకాణదారు.

"ఉంటే ఏటి? ఇంకో వైరు తగిలించు!"

పాపం, తగిలించాడు. ఒక్కొక్కటీ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాడు. మిట్టమధ్యాహ్నపు ఎండకి గరుకు తెరలన్నీ వెలవెలబోయాయి. అద్దంలాంటి తెర ఉన్నదొక్కటే నిగనిగలాడింది. ఇంట్లోకైతే గరుకుదే హాయి అని అతను నసిగితే, "అమ్ముడవనిది అంటగడతన్నాడక్కా," అని ఆవిడ నా చెవిలో ఊదింది. నిగనిగలాడేదే కొన్నాం.

ఇంటికి తెచ్చి కిటికీకి ఎదురుగా పెట్టాక తెలిసింది. దశమి మీద నా ముఖం, ఏకాదశి మీద కిటికీ చువ్వలు, ద్వాదశి మీద పెరట్లో ఆరేసిన మావారి పంచె. మర్నాడు మా తోటికోడలు దాని ముందు నిలబడి బొట్టు దిద్దుకుంటోంది. "అద్దానికైతే బాగున్నాది గదక్కా," అంది, ఏ పాపమూ ఎరగనట్టు.

మార్చమని మళ్లీ మోసుకెళ్లాం. ఈసారి దుకాణం వెనక మూలన, మా ఇంటి గదిలాంటి వెలుతురులో, గరుకు తెర ముందు స్టూలు వేసుకుని ఒక పక్షం తిథులన్నీ ఎక్కించి చూసుకున్నాను. కళ్లు మండలేదు.

"కొనడానికొచ్చారా, ఉద్యోగానికొచ్చారా అమ్మా?" అన్నాడు దుకాణదారు.

ఆ ఏటి పంచాంగంలో ఒక్క తప్పూ దొర్లలేదు. మరుసటి ఏటి పని కూడా ప్రెస్సాయన మా ఇంటికే పంపించాడు.

ఇప్పుడు తిథీ వారమూ ఫోనులే చెబుతున్నాయి. మావారు గణించడం మానేశారు, ప్రెస్సు మూతపడింది. ఈనాటి తెరలు నిజంగానే కంటికి ఎంతో హాయిగా ఉన్నాయి. వాటిలో నేను సరిచూడవలసింది మాత్రం ఏమీ లేదు.